అవ్వ తెలిసి తాగిన గంజి

నా చిన్నప్పుడు మా అవ్వకు కండ్లలో పొర వచ్చింది. అవ్వ అంటే మా నాయనను కన్న తల్లి. మా ఊరు బట్లహళ్ళికి అవతల, వంక దాటి పోవాల. ఇంట్లో గాదె తాళం మొదలుకొని దూడ మెడలో పలుపు వరకు అన్నీ ఆమె చేతిమీదనే నడిచేవి. అట్లాంటి మనిషి చూస్తుండగానే గోడ పట్టుకొని నడిచేదాకా వచ్చింది. చేటలో రాగులు పోసుకొని రాళ్ళు ఏరేది. ఏరినాక చూస్తే రాళ్ళు చేటలోనే ఉండేవి. మా అమ్మ ఏమీ అనకుండా పక్కకు తీసుకుపోయి మళ్ళీ చెరిగేది. ఆ చప్పుడు విని అవ్వకు సంగతి తెలిసిపోయేది. ఆ పూట ఎవరితోనూ మాట్లాడేది కాదు. అప్పుడు నాకు అది అర్థం కాలేదు. పని చేతిలోంచి జారిపోతే ఒక బాధ. జారిపోయిన సంగతి మనకు చెప్పకుండా పక్కవాళ్ళు సర్దేసుకుంటే అది ఇంకో బాధ.

ఏటా రాగి కోతలకు ముందు చింతామణి టౌను నుంచి చర్చివాళ్ళు మా పల్లెల వెంబడి వచ్చేవాళ్ళు. ఎద్దులబండిలో ఒక హార్మోనియం, ఒక డోలు, ఒక మందుల పెట్టె. పాదిరి అయ్యగారు, ఆయన వెంట ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. ఊరి నడుమకు రానిచ్చేవాళ్ళు కాదు కాబట్టి కళ్ళం పక్కన బండి ఆపుకొని పాటలు పాడేవాళ్ళు. వరసలు మన భజనల వరసలే, దేవుడి పేరు ఒక్కటే వేరు. పిల్లలం ముందు కూర్చునేవాళ్ళం. పెద్దవాళ్ళు దూరంగా నిలబడి, విననట్టు మొగం పెట్టుకొని వినేవాళ్ళు. గజ్జికి, పుండ్లకు మందులిచ్చి, కడాన దేవుని మాటలు నాలుగు చెప్పి పోయేవాళ్ళు.

ఆ ఏడు పాటలయినాక ఇంకో మాట చెప్పినారు. చింతామణిలో చర్చి ఇస్కూలు గదుల్లో కండ్ల క్యాంపు పెడతారంట. దూరం నుంచి పెద్ద డాక్టరు వచ్చి పొరలు తీస్తాడంట. డబ్బులేమీ ఇయ్యాల్సిన పన్లేదంట. ఊరికే చేస్తామన్న మాటను మా అవ్వ నమ్మేదీ కాదు, వదిలేదీ కాదు. నాకూ ఆ బుద్ధే వచ్చింది.

“కండ్లిచ్చి కులం తీసుకుంటారంట, పోవద్దు పెద్దమ్మా” అని ఇరుగు పొరుగు చెప్పినారు.

“కులం నాకు రాగులు ఏరిపెడతాదా?” అనింది అవ్వ. “పోతా. వాళ్ళ పాట వింటా, వాళ్ళ మందు వేయించుకుంటా. వాళ్ళ మెతుకు మాత్రం ముట్టను. ఇంట్లోంచి సద్ది రావాల.”

చెనక్కాయలు పీకే పని మీద ఇల్లంతా చేలల్లో ఉండింది. మా అమ్మ ఒడిలో తమ్ముడు పాలు తాగే బిడ్డ. ఎందుకూ పనికిరాని దాన్ని నేనొక్కదాన్నే మిగిలినా కాబట్టి అవ్వ వెంట నన్ను పంపినారు. ఇస్కూలుకు పోతాననే మాట ఎవరూ లెక్కపెట్టలేదు. మా చిన్నాయన పొద్దున్నే సైకిలు మీద సద్ది తెచ్చేటట్టు, నేను అవ్వకు తినిపించేటట్టు ఏర్పాటు చేసుకున్నారు.

క్యాంపు అంటే ఏమో అనుకున్నా. గదుల్లో బెంచీలు బయట వేసి, కింద వరిగడ్డి పరిచి, దానిమీద చాపలు. ఆడవాళ్ళకొక వరస, మగవాళ్ళకొక వరస. పొర తీసినాక రెండు కండ్లకూ గుడ్డ కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసక మూటలు పెట్టి పండబెట్టినారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, ఏడవకూడదు, లేచి కూర్చోకూడదు. కదిలితే లోపలి గాయం విచ్చుకొని కన్ను పోతాదని డాక్టరు చెప్పినాడు. కోపం కూడా పడకూడదన్నారు. మా అవ్వకు అన్నింటికంటే అదే కష్టమయింది. నమలడం కూడా వద్దన్నారు. మా చిన్నాయన తెచ్చిన రాగిముద్దను మజ్జిగలో పిసికి, గుటక గుటకగా నోట్లో పోసేదాన్ని.

క్యాంపులో అందరికీ గంజి కాచి పోసే ఒక ఆమె ఉండేది. సన్నగా, తెల్లచీర కట్టుకొని, గొంతు మాత్రం గది ఆ చివర్నుంచి ఈ చివరకు వినపడేటట్టు. అందరూ ఆమెను గంజి అక్క అనేవాళ్ళు. మొదటి రోజు గంజి చెంబు పట్టుకొని మా చాప దగ్గరికి వస్తే, అవ్వ పండుకునే అడిగింది, నువ్వు ఏమిటోళ్ళమ్మా అని. అడగకూడని మాట అని అప్పుడు ఎవరికీ తెలీదు.

“బాగేపల్లి పక్క, ఊరి బయట కేరివాళ్ళం అమ్మా. కరువులో అమ్మానాయనా పోతే చర్చివాళ్ళు సాకినారు. ఇప్పుడు కిరస్తానం” అని ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కేరి అంటే మా పక్క అంటరానోళ్ళ వాడ.

“అట్లయితే నా చాప తొక్కకుండా పోమ్మా. మా ఊరి సద్ది మాకు వస్తాది” అనింది అవ్వ.

ఆమె సరే అని పోయింది. ఆ తరువాత ఎప్పుడు మా పక్క నడిచినా చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకొని, చాప అంచుకు తగలకుండా పోయేది. ఆమె మొగంలో కోపం కోసం నేను చూసేదాన్ని. కనపడేది కాదు. అలవాటయిపోయిన అలుపు కనపడేది.

తరువాత వాన పట్టుకుంది. తుపాను వానంట, ఆగకుండా కురిసింది. చిన్నాయన రాలేదు. వంక పొంగి వచ్చిందని, బండి కాదు కదా మనిషి కూడా దాటలేడని, ఆ దారిన వచ్చిన వాళ్ళెవరో చెప్పినారు. ఆ రోజంతా అవ్వ బావి నీళ్ళతోనే గడిపింది. నీళ్ళు నేనే చేదినా కాబట్టి తాగింది. తను ముట్టని గంజి నన్నూ తాగనియ్యలేదు. పక్క చాపల మీద అందరూ గంజి తాగుతుంటే నేను పోయి వసారాలో కూర్చునేదాన్ని.

మరుసటి పొద్దుకు అవ్వ నిలకడ పోయింది. చేతులు చాప మీద కొట్టుకుంటా, “నన్ను లేపే, నడిచే పోతాం, వంక గట్టున పడి ఉంటాం కానీ ఈడ ఉండను” అనింది. తల ఎత్తబోతే నేను రెండు చేతులతో నుదురు అదిమిపట్టి ఏడ్చినా. క్యాంపులో కట్లు కట్టే కాంపౌండరు పరిగెత్తుకొచ్చినాడు. చెడ్డవాడు కాదు, రాత్రంతా నిద్ర లేక కండ్లు ఎర్రబడి ఉన్నాడు. నన్ను బయటికి పిలిచి, వసారాలో గంజి అక్క ముందు గిన్నె నింపించి నా చేతిలో పెట్టినాడు.

“ఎర్రిదానా, కండ్లకు గుడ్డ ఉండాది కదా. చిన్నాయన తెచ్చినాడని చెప్పి పోసేయ్. ముసలామెకు ఏం తెలుస్తాది?”

నాకు ఆ మాట దేవుడి మాట మాదిరి వినపడింది. గిన్నె పట్టుకొని తిరిగినా. గంజి అక్క గడపకు అడ్డంగా నిలబడింది.

“వద్దు పాపా” అనింది.

“ఏమక్కా, ఆమె లేచి కూర్చుంటే కన్ను పోతాది. నీ సత్యం తీసుకొని ఏం చేసుకుంటాం?” అని కాంపౌండరు గదమాయించినాడు.

“కన్ను పోకుండా చూస్తాం కదప్పా. చూపున్నోళ్ళకు అబద్ధం చెప్తే పట్టుకుంటారు, తిడతారు. కండ్లు కట్టి పండబెట్టినోళ్ళు ఏం చేస్తారు? మనల్ని నమ్మి తల ఇచ్చినారు. రేపు గుడ్డ విప్పితే ఆమె చూడాల్సింది నా మొగమే. అప్పుడు నేను యాడ పెట్టుకునేది దీన్ని?”

అనేసి ఆమె లోపలికి పోయి, చాపకు ఎడంగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ పెద్ద గొంతును అంత చిన్నది చేసుకోగలదని నేను అనుకోలేదు. “అమ్మా, వంక దిగలేదు, సద్ది ఈరోజూ వచ్చేటట్టు లేదు. నా గంజి ఉండాది కానీ మీరు తాగరు, నాకు తెలుసు. ఒక మాట అడుగుతా. పొడి పిండి ఇస్తా. కుండ కొత్తది తెస్తా. నీళ్ళు మీ మనవరాలే చేదింది. వండేది కూడా ఆ పాపే. నేను దూరంగా నిలబడి నోటితో చెప్తా, చెయ్యి పెట్టను. సరేనా?”

మా పక్క ఒక పద్ధతి ఉండేది. పొడిగా ఉన్నంతవరకు పిండి ఎవరి చేతినుంచయినా తీసుకోవచ్చు. నీళ్ళు కలిస్తేనే అంటు. ఎవరు పెట్టినారో, ఎందుకు పెట్టినారో నాకు తెలీదు. ఆమెకు మాత్రం ఆ పద్ధతి మాకంటే బాగా తెలుసు. దాని అవతలి పక్క నిలబడి పెరిగిన మనిషి కదా.

“పొడి పిండికేముందిలే” అనింది అవ్వ.

గంజి అక్క గోనెపట్ట నెత్తిన కప్పుకొని వానలోనే కుమ్మరి ఇంటికి పోయి కొత్త కుండ తెచ్చి వసారాలో పెట్టింది. మూడు రాళ్ళు నేనే పేర్చినా. చేటలో రాగిపిండి కింద పెట్టి వెనక్కి జరిగి, చేతులు రెండూ వెనక కట్టుకొని స్తంభానికి ఆనుకొని నిలబడింది. తడి కట్టెలు, ఒకటే పొగ. “ఊదు పాపా, ఇంకా కిందికి వంగి ఊదు. ఎసరు తెర్లనీ. పిండి ముందు చన్నీళ్ళలో కలుపుకో, పొడిది పోయొద్దు” అని చెప్తానే ఉంది. ఆమె మాట పూర్తి కాకముందే నేను పొడి పిండి ఎసట్లో కుమ్మరించేసినా. ఉండలు కట్టింది. ఆమె చేతులు వెనకనుంచి ఒకసారి ముందుకొచ్చినాయి, గరిటె అందుకోబోయి మళ్ళీ వెనక్కి పోయినాయి. ఆ చేతులు నాకు ఇప్పటికీ కనపడతాయి. చేసి చూపించడం ఆమెకు చిటికెలో పని. చేయకుండా నిలబడటమే పెద్ద పని.

గంజి తీసుకుపోయి అవ్వ నోట్లో పోసినా. రెండో గుటకకు ఉండ గొంతుకు అడ్డం పడింది. అవ్వకు దగ్గు పొంగుకొచ్చింది. ఛాతీ ఎగిసింది, మెడ నరాలు తేలినాయి, ఇసక మూట జరిగింది. దగ్గితే అయిపోయింది అనుకున్నా. గోడ పక్కనుంచి గంజి అక్క గొంతు గట్టిగా వచ్చింది. “మింగమ్మా, ముక్కుతో గాలి తీసుకో, మెల్లగా, ఇంకొంచెం. పాపా, నీళ్ళు చుక్క పొయ్యి.” అవ్వ ఆ గొంతును పట్టుకొని, పిడికిళ్ళు బిగించి, దగ్గును లోపలే అణుచుకుంది. కట్టు తడవలేదు, ఎర్రబడలేదు. కాంపౌండరు చూసి ఊపిరి వదిలినాడు.

తేరుకున్నాక అవ్వ నన్నడిగింది, పొయ్యి దగ్గర ఆమె ఏమయినా ముట్టుకుందా అని. లేదు, చేతులు వెనక కట్టుకునే ఉంది అన్నాను.

“ఆయమ్మను పిలు” అనింది అవ్వ.

గంజి అక్క వచ్చి ఎప్పటిమాదిరే ఎడంగా కూర్చుంది.

“ఈ పిల్ల వంట ఇంకో పూట తాగితే కండ్లు కాదు, పానమే పోతాది” అనింది అవ్వ. “నువ్వు కాచిందే తీసుకురా. ఎవరు కాచినారో తెలిసే తాగుతా. తెలీక తాగినానని రేపు ఎవరూ అనగూడదు.”

పక్క చాప ముసలామె కిసుక్కున నవ్వింది. నవ్వకూడదని నర్సు కసిరింది. గంజి అక్క నవ్వలేదు. చెంబు తెచ్చింది, నేను పోసినా, అవ్వ తాగింది. నేనూ తాగినా. అంత రుచిగా ఉండే గంజి నేను ఎన్నడూ కాచలేకపోయినా.

గుడ్డలు విప్పిన రోజు అవ్వ మొదట నన్ను చూసింది, చిక్కిపోయినావే అనింది. తరువాత ఆమెను పిలిపించి తేరిపార చూసింది. “గొంతు విని ఇంత లావు ఉంటావనుకున్నా. పుల్ల మాదిరి ఉండావే” అని మాత్రం అనింది. అంతకంటే మంచి మాట మా అవ్వ నోట ఎవరూ విన్నది లేదు.

ఊరికి వచ్చేసరికి మాట మాకంటే ముందే చేరింది. నలుగురూ కూడినప్పుడు అవ్వే ఎత్తుకుంది. “తాగినా. గుడ్డ కండ్లకు కట్టినారు, చెవులకు కాదు. ఆమె చెప్పింది, నేను విని తాగినా” అనింది. పెద్దలు చెప్పిన శుద్ధి చేయించుకుంది, దానికీ ఎదురు చెప్పలేదు. కథ అంతటితో మారిపోలేదు. మరుసటేడు చర్చివాళ్ళ బండి వచ్చినప్పుడు గంజి అక్క కూడా వచ్చింది. అవ్వ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి చెనక్కాయలు, రాగిపిండి మూటగట్టి ఇచ్చింది. అన్నీ పొడివే. గడప లోపలికి పిలవలేదు. ఆమె లోపలికి చూడనూ లేదు. మా అవ్వ నడవగలిగింది అంతవరకే. నేను ఆమె కంటే ఎంత దూరం నడిచినానని అడిగితే చెప్పుకునేంత లేదు. ఒక మనిషి ఆయుష్షులో అడుగు పడేది కొంచెమే.

ఆ రోజుది నా దగ్గర ఒకటి మిగిలింది. మా ఇంటాయన మంచాన పడి చానా కాలమయింది. మతి నిలవదు, నన్ను కూడా ఒక్కోసారి ఎవరమ్మా నువ్వు అంటాడు. మాత్రలంటే గిట్టదు. మా కోడలు మంచిదే, నా అవస్థ చూడలేక చెప్తాది, “ముద్దలో దాచి పెట్టెయ్యత్తా, మామకు ఏం తెలుస్తాది” అని. తెలీదు, నిజమే. అయినా ప్రతి పూటా ముద్ద చేత్తో పట్టుకొని, ఇందులో మాత్ర ఉండాది, చేదుగా ఉంటాది, మింగు అని చెప్పే పెడతాను. కొన్ని పూటలు ఉమ్మేస్తాడు. అన్నం దండగ, మాత్ర దండగ, నాకది ప్రాణం మీదికి వచ్చినట్టుంటాది. చెయ్యి నొప్పి, నడుం నొప్పి. దాచి పెట్టేస్తే ఒక్క నిమిషంలో తీరిపోయే పని అని నాకూ తోస్తాది. ఈ పొద్దున కూడా చెప్పినా. మొగం గోడ పక్కకు తిప్పుకున్నాడు. కాసేపు కూర్చొని, భుజం రుద్దుకొని, ఇంకో ముద్ద కలుపుకొని, మళ్ళీ చెప్పినా.