పేరు పెట్టిన మేక

బేరిగైలో మేకలు కాసే ఆంజప్ప పేరు పెట్టిన మేకను చచ్చినా కోయడు. అందుకే కూతురి పేరు పెట్టుకున్న మేక దొడ్లోనే ముసలిదైంది.

సముద్రజీవులను పరిశోధించే ఆ కూతురు రంజిత సెలవుకొచ్చింది. ఆవగింజంత కొత్తరకం సముద్రపు సాలీడుకు తండ్రి పేరు పెట్టానని మురిసిపోతూ చెప్పింది.

ఆంజప్ప ముఖం వెలిగింది. "యాడుందమ్మా అది?"

"స్పిరిట్ సీసాలో నాయనా. వాటిల్లో గుడ్లు మోసేది మొగదే, ఇదీ మోస్తా ఉన్నింది. కాళ్లు ఒకటొకటే పీకి బొమ్మ గీసినాను. చంపకుండా పేరు పెట్టేకి కాదు."

ఆంజప్ప లేచి దొడ్లోకి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం రంజిత మాంసం కూర లొట్టలేసుకుంటూ తింటూ, దొడ్లోకి చూసింది. గుంజ దగ్గర ఉత్త పలుపే ఉంది.

"నా మేక యాడ నాయనా?"

"పేరు పెట్టే పద్ధతి నిన్ననే కదమ్మా నేర్పిస్తివి," అంటూ ఆమె కంచంలో ఇంకో ముక్క వేశాడు. "తిను."