గోనెపట్ట తెర వెనక డబ్బా

ఆళ్లగడ్డలో శిల్పులుండే వీధి పక్క అంగన్‌వాడీకి గోవిందమ్మ ఆయా. చదివింది మూడో తరగతి. పిల్లల ఆటవస్తువులు తనే చేసేది. ఒకే సైజు పాలపొడి డబ్బాలు నాలుగు తెచ్చి, బియ్యం, చింతగింజలు, గులకరాళ్లు, మేకులు వేరువేరుగా పోసి, మూతలు ఊడకుండా గుడ్డతో బిగించింది. నేలమీద అవే నాలుగు కుప్పలు పోసేది. డబ్బా ఊపి, లోపలేముందో పిల్లలు కుప్పమీద వేలు పెట్టి చూపాలి.

నాలుగేళ్ల ఆర్షియా ఎప్పుడూ తప్పలేదు. డబ్బాను రెండు చేతుల్లోకి తీసుకుని ఒకసారి ఎత్తి చూసేది, వేలు పెట్టేది. పిల్లకు ఇంకా మాటలే రాలేదు. "మా ఇంట్లో అందరికీ లేటుగానే వస్తాయిలే" అనేవాడు తండ్రి దస్తగిరి. అతను విగ్రహాలకు మెరుగు పెడతాడు.

నంద్యాలలో అంగన్‌వాడీల ఆటవస్తువుల ప్రదర్శన పెట్టారు. మండలానికి ఒక్క ఆటే. పదకొండేళ్లుగా తనను ఊడ్చే మనిషిగా చూసినవాళ్ల ముందు తన డబ్బాలు నిలబడాలని గోవిందమ్మ పంతం. ఆట చూడటానికి సూపర్‌వైజర్ విజయమ్మ వచ్చింది. గోవిందమ్మ ఆర్షియాను ముందు కూర్చోబెట్టి డబ్బా చేతికిచ్చింది.

"చేతికిస్తే బరువు పట్టి చెప్తారు. ఇంక ఇది శబ్దం ఆట ఏందీ?" అంది విజయమ్మ.

ఆ మాట న్యాయమే. గోవిందమ్మ గోనెపట్ట తెర కట్టి, వెనక నిలబడి మేకుల డబ్బా ఊపింది. ఆర్షియా కదల్లేదు. మళ్లీ ఊపింది. పిల్ల తెరవైపు కూడా చూడలేదు.

గోవిందమ్మ బయటికొచ్చి పిల్ల తొడమీద గట్టిగా గిల్లింది. "ఇన్నాళ్లు చెప్పి, ఈపొద్దు మొండికేస్తాండావా?"

ఆర్షియా ఏడుస్తూనే డబ్బా కోసం రెండు చేతులూ చాపింది. పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్లలో ప్రణతి అనే పిల్ల "మేకులు! మేకులు!" అని అరిచింది.

గోవిందమ్మ చేతిలోని డబ్బాను ఆర్షియా వీపు వెనక గచ్చుమీద పడేసింది. అందరూ ఉలిక్కిపడ్డారు, ఆ పిల్ల తప్ప.

"చెవిటిదా! దీన్నేనా నువ్వు మెచ్చుకునింది?" అని నవ్వింది విజయమ్మ. "ఆట బాగుంది. నంద్యాలకు ప్రణతిని తోలుకొనిరా."

సాయంత్రం గోవిందమ్మే ఆర్షియాను ఇంటికి తీసుకెళ్లింది. దస్తగిరి కొత్త రాతిని సుత్తితో తట్టి చూస్తున్నాడు. ఖంగుమంటే మంచి రాయి, బొంగురుగా పలికితే లోపల పగులు.

"పిల్లకు చెవులు ఇనపడవప్పా. రాయినైతే తట్టి చూస్తావే, బిడ్డను చూసుకోలేదా?"

"రెండేండ్లు నీ కాడే కదమ్మా ఉండేది. డబ్బాలు ఊపేదానివి, నువ్వేం చూసినావ్?"

"నంద్యాల ఆస్పత్రిలో చెవులు చూస్తారంట. నాతో పంపు" అంది గోవిందమ్మ.

"పగులు రాయికి ఎవురన్నా మెరుగు పెడతారా? రేపట్నుంచి ఈడే ఉంటాదిలే."

అతను మళ్లీ సుత్తి ఎత్తాడు. ఆర్షియా పోయి రాతిమీద రెండు అరచేతులూ ఆనించింది. దెబ్బ పడింది. పిల్ల ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది.

"తియ్! మరకలు పడతాయి" అని దస్తగిరి ఆ చేతులమీద ఒక్కటిచ్చాడు.

శుక్రవారం నంద్యాల ప్రదర్శనలో ప్రణతి ఒక్క డబ్బా కూడా తప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.