స్వెటర్లో చుట్టిన మంచుగడ్డ

మా పై అంతస్తు మాస్టారు పోయారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, కుర్చీలో కునుకు తీస్తూ అలాగే వెళ్లిపోయారట. ఆఫీసు పనిమీద హైదరాబాదులో ఉన్న నాకు మా అమ్మాయి ఫోన్ చేసింది. ఎప్పుడూ హిందీలో మాట్లాడే పిల్ల, ఆ ఒక్క మాటా తెలుగులో చెప్పింది. "అమ్మా, మాస్టారు లేరు." దానికి వచ్చిన కాస్త తెలుగూ ఆయన దగ్గర నేర్చుకున్నదే.

కాకినాడ దగ్గర పుట్టి, ఢిల్లీలో ఒక బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారాయన. ఘాజియాబాద్‌లో మా అపార్ట్‌మెంటులోనే కూతురి కుటుంబంతో ఉండేవారు. టీ గ్లాసు చేతికిస్తే ముందు వేళ్ల వెనకవైపు ఆనించి, వేడి ఎంతుందో చూసుకుని గానీ తాగేవారు కాదు. ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం" అనేవారు. దాటవేయడానికి అనే చూద్దాం కాదది, నిజంగా చూసేవారు. పిల్లలు ఆయనకు చూద్దాం అంకుల్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

రెండు చలికాలాల కిందట మా అత్తగారికి ఢిల్లీలో పెద్ద ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి వాళ్లిచ్చే చపాతీలు ఆవిడ నమలలేకపోయేది. ఇంటినుంచి తీసుకెళ్లిన అన్నం ఆ పొగమంచులో, మెట్రో మారి, నడిచి, వార్డుకు చేరేసరికి రాయిలా అయ్యేది. అక్కడ వేడి చేసుకునే వీలు లేదు. కొత్త థర్మాస్ డబ్బా కొంటే, అందులో అన్నం అదో వాసన వస్తోందని ముట్టలేదు. తన స్టీలు డబ్బానే కావాలి. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "గొంతు దిగట్లేదే" అని పక్కకు తిరిగి పడుకునేది. రోజురోజుకీ నీరసించిపోయింది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాలన్నారు డాక్టరు.

మెట్ల దగ్గర కనబడి ఆవిడకెలా ఉందని మాస్టారు అడిగితే ఇదంతా చెప్పాను. ఆయన నన్ను ఓదార్చలేదు. డబ్బా దేనితో చుడుతున్నావని అడిగారు. ఫాయిలుతో అన్నాను. ఎందుకని అడిగారు. అందరూ దాంతోనే చుడతారు కదా అన్నాను.

"చూద్దాం" అన్నారు.

మర్నాడు మా వంటింటి గట్టు మీద ఒకే సైజు స్టీలు డబ్బాలు వరసగా పెట్టించారు. అన్నిట్లోనూ సమంగా మరిగే నీళ్లు పోయించారు. ఒకదానికి ఫాయిలు, ఒకదానికి న్యూస్‌పేపరు, ఒకదానికి మావారి ఉన్ని స్వెటరు, ఒకదానికి టీవీ పెట్టెలో వచ్చిన థర్మోకోలు, ఒకదానికి పాత రజాయిలోంచి లాగిన దూది చుట్టారు. ఒకదాన్ని ఉత్తిగానే వదిలేశారు. థర్మామీటరు మా అమ్మాయి చేతికిచ్చారు. అది గంటగంటకీ మూత తీసి చూసి అరిచి చెప్పేది. నేను నమ్ముకున్న ఫాయిలు ఉత్తి డబ్బా కన్నా కాస్త మెరుగు, అంతే. థర్మోకోలూ దూదీ చివరిదాకా పోటీ పడ్డాయి. మెట్రో తోపులాటలో థర్మోకోలు విరుగుతుంది కాబట్టి దూదికే ఓటు వేశారు. స్వెటరు కూడా బాగానే నిలబడింది.

అది చూసి, మంచుగడ్డని స్వెటర్లో చుడితే ఏమవుతుందని మాస్టారు మా అమ్మాయిని అడిగారు. "జల్దీ పిఘల్ జాయేగా అంకుల్. స్వెటర్ గరమ్ హోతా హై నా" అందది. స్వెటరు వెచ్చగా ఉంటుంది కదా, తొందరగా కరిగిపోతుందని దాని లెక్క. తప్పనలేదాయన. హీటరు వేసిన గదిలో ఒక గడ్డని పళ్లెంలో, ఒకదాన్ని స్వెటర్లో పెట్టించారు. పళ్లెంలో నీళ్లే మిగిలాక స్వెటరు విప్పితే, గడ్డ కాస్త చిక్కింది గానీ గట్టిగానే ఉంది. పిల్ల దాన్ని అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

"స్వెటరు వేడి ఇవ్వదురా తల్లీ. లోపలిదాన్ని పోనివ్వదు, బయటిదాన్ని రానివ్వదు. దాని పని అంతే" అన్నారు మాస్టారు.

తొలిరోజు దూదిలో పెట్టి తీసుకెళ్తే దారిలో చారు ఒలికి దూదంతా తడిసింది. అన్నం ఎప్పటికన్నా చల్లబడింది. వార్డు బయట నిలబడి మాస్టారికి ఫోన్ చేసి ఏడ్చేశాను. ఆయన మాత్రం ఏదో కొత్త విషయం దొరికినట్టు విన్నారు. పోగుల మధ్య గాలి ఉన్నంతసేపే అది దూది, తడిస్తే ఉత్త గుడ్డ అన్నారు. ఆ సాయంత్రం మా ఇంట్లో కూర్చుని రజాయి కత్తిరించి, డబ్బాకి బిగుతుగా సరిపోయే సంచీని దబ్బనంతో తనే కుట్టారు. ముందు డబ్బాని వేడినీళ్లతో నింపి వంపేయమన్నారు. అన్నం పెట్టాక ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి, అప్పుడు సంచీలో దించమన్నారు. చారు వేరే పట్టుకెళ్లమన్నారు.

కుడుతూ కుడుతూ, తల ఎత్తకుండానే చెప్పారు. "మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ చల్లారిన జావే పట్టుకెళ్లానమ్మా. పొద్దున్న క్లాసులో ఇదే పాఠం చెప్పేవాణ్ణి, మధ్యాహ్నం ఆ జావ పట్టుకుని బస్సెక్కేవాణ్ణి. పాఠం చెప్పడం వేరు, తోచడం వేరు."

దారం తెగితే మళ్లీ ఎక్కించి ఇచ్చాను.

గొట్టం అవసరం పడలేదు. చలి తగ్గేలోపే అత్తగారు ఇంటికొచ్చింది. ఆ వేసవిలో అదే సంచీలో పెరుగు పెట్టుకుని ఆఫీసుకెళ్లేదాన్ని. ఎండలో కూడా చల్లగా ఉండేది, పులిసేది కాదు. మాస్టారి వార్త విని ఆ పూట అత్తగారు అన్నం ముట్టలేదట.

సంచీ కుట్టిన మర్నాడు ఆయన నాతో ఆసుపత్రికి వచ్చారు. మెట్రోలో సెక్యూరిటీ అతను రజాయి మూటని అనుమానంగా నొక్కి చూస్తే, "ఖానా హై భయ్యా, గరమ్ హై" అని, వేడివేడి అన్నమని గర్వంగా చెప్పారు. వార్డులో అత్తగారి మంచం మీదికి వంగి మూత తనే తీశారు. కొలవడానికి థర్మామీటరు జేబులోంచి తీసి పట్టుకున్నారు కూడా. డబ్బాలోంచి ఆవిరి ఒక్కసారిగా లేచి ఆయన కళ్లద్దాలు రెండూ తెల్లగా కమ్మేసింది. అత్తగారు చెయ్యి చాపి డబ్బాని తనవైపు లాక్కుంది. చెంచా చప్పుడు మొదలైంది. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకోలేదు. థర్మామీటరు చేత్తో పట్టుకుని, ఏమీ కనబడకుండానే నవ్వుతూ, ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు.