పడుకోబెట్టి తీసిన రిపోర్టు

“మిషను ఒంటి మీదుండగా రేపు బండికాడికి ఎల్తానంటావేటే అమ్మా? ఆవిరి తగిలితే పాడైపోద్ది!” అని నా కొడుకు సామ్యేలు అరిచాడు.

“ఎల్లకపోతే ఆ మిషనుకి ఏటి తెలుస్తాది? నాను పడుకున్న సంగతి తెలుస్తాది. పోయినసారి నువ్వు పడుకోబెట్టినావు, కాలింది నా సెయ్యి.”

“నీ మంచికే కదా సెప్పినాను.”

“నీ మంచికి నా తోలు ఊడింది.”

కోడలు రూతు గుమ్మంలోంచి అంది: “ఈసారీ రిపోర్టు బాగుంటే ఏటి సేత్తావు అత్తా?”

“నాటకాలని మల్లీ అందువుగాని, ఉండు.”

గుండె కొట్టుకోవడాన్ని రోజంతా రాసుకునే హోల్టర్ మిషను రెండోసారి కట్టించుకుని వచ్చిన సాయంత్రం మా ఇంట్లో జరిగిన గొడవ ఇది. ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. తెలిసినంత రాస్తున్నాను.

ఆటోనగర్ షెడ్లకు వెళ్లే పనివాళ్ల కోసం నేను ఇడ్లీ బండి నడుపుతాను. వేసవిలో ఒక ఉదయం పిండి బకెట్ ఎత్తుతుంటే కళ్ల ముందు నల్లటి తెర పడింది. బండి పట్టుకుని నిలదొక్కుకున్నాను. నాలుగోసారి అలా అయ్యాక హాస్పిటల్‌కు వెళ్లాం. ఈసీజీ తీశారు. ఎకో స్కానుకి ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, ఛాతీకి చల్లని జెల్లీ రాసి చూశారు. “పంపింగ్ బాగుందమ్మా. కొట్టుకునే వరసలో తేడా ఉందేమో, ఇరవై నాలుగు గంటలు హోల్టర్‌తో చూద్దాం,” అన్నాడు డాక్టరు. కోత లేదు, సూది లేదు. తీగలు అంటించి చిన్న పెట్టె నడుముకి కట్టారు. “తడపకండి. రోజూ చేసే పనులన్నీ చేయండి. ఏ గంటకు ఏం చేస్తున్నారో ఈ కాగితం గడుల్లో రాయండి. కళ్లు తిరిగితే ఈ బటన్ నొక్కి, టైము కూడా రాయండి,” అంది టెక్నీషియన్.

మా వాళ్ల చెవికెక్కింది ‘తడపకండి’ ఒక్కటే. సామ్యేలు బండి మూయించాడు. రోజంతా ఫ్యాను కింద పడుకున్నాను. పరాయి వస్తువు పాడవుతుందని పక్కకు తిరగడం కూడా జాగ్రత్తగా తిరిగాను. కాగితం ఖాళీగా ఇస్తే బాగుండదని రూతు ప్రతి గడిలోనూ ‘ఇంటి పని’ అని రాసింది. మర్నాడు డాక్టరు, “రోజూ చేసే పనులే చేశారా?” అని అడిగాడు. “చేసిందండి,” అన్నాడు నా కొడుకు. నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది.

రిపోర్టు నార్మల్. ఆ మాట ఇంట్లో నాకు శిక్ష అయింది. కళ్లు తిరుగుతున్నాయంటే “రిపోర్టు బాగుంది కదా” అనేవారు. పనెగ్గొట్టడానికి నాటకాలని రూతు పక్కింటావిడతో చెప్పడం నా చెవులతో విన్నాను. మూడు వారాలకు ఇడ్లీ పాత్ర మూత తీస్తూ పడిపోయాను. మరిగే నీళ్లు ఒలికి ఎడమ మణికట్టు దగ్గర తోలు లేచిపోయింది.

ఈసారి హాస్పిటల్లో ఎవరినీ మాట్లాడనివ్వలేదు. “ఆ రోజు నేను పడుకున్నాను డాక్టరుగారూ. కాగితంలో రాసింది అబద్ధం,” అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. “పడుకున్న మనిషి రిపోర్టు చూసి పంపించానన్నమాట. అడ్మిట్ అవండి.”

“మంచం మీద పడుకుంటే మళ్లీ అదే కదండీ వచ్చేది?”

ఇంటి దగ్గరే మళ్లీ హోల్టర్ కట్టడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. వేడి పాత్ర ముట్టుకోకూడదు, పక్కన మనిషి ఉండాలి అన్నాడు.

ఆ రెండో రిపోర్టులో పాజ్‌లు, అంటే గుండె కొట్టుకోకుండా ఆగిన చోట్లు, దొరికాయి. పని ఎక్కువైతే గుండె పైగదుల కరెంటు కిందిగదులకు అందడం లేదట, దాని పేరు ‘ఏ.వి. బ్లాక్’ అన్నారు. పేస్‌మేకర్ పెట్టారు. ఇప్పుడు కళ్లు తిరగడం లేదు. పిండి బకెట్ రూతు ఎత్తుతోంది. నాటకం అన్న మాట తప్పని ఇంతవరకు ఎవరూ అనలేదు. అంటారని చూడడం మానేశాను.

మీకు చెప్పేది ఒకటే. హోల్టర్ కడితే, డాక్టరు వద్దన్నవి తప్ప మీ రోజూ పనులు మీరు చేయండి. చేయలేకపోతే ఆ సంగతి మీ నోటితోనే చెప్పండి.

గొడవ జరిగిన మర్నాడు ఐదున్నరకు బండి తెరిచాను. సామ్యేలు వెనకే వచ్చాడు. పాత్రలు వాడే దించాడు. నేను పిండి బకెట్ ఎత్తుతుంటే కళ్ల ముందు ఆ తెర పడింది. బటన్ నొక్కాను. కాళ్లు నిలవలేదు. వాడు చంకల కింద చేతులు వేసి నేల మీద కూర్చోబెట్టాడు. కాస్త తెరిపిన పడ్డాక ‘ఆరూ ఇరవై’ అని కాగితం మీద రాసుకున్నాను. మనుషులు ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. సామ్యేలు లేచి వాళ్లకి ఇడ్లీలు పెట్టాడు.