మూల గడి

సూదిమామ పాత బట్టలు సరిచేసే దర్జీ. మనిషి సన్నం, మాట తక్కువ. అందుకే వీధి ఆ పేరు పెట్టింది. ఆ ఇంటి మాటలన్నీ భార్య వాటాకు వచ్చాయి.

కూతురు ఆస్పత్రి బట్టలు ఉతికే పనికి పోతే, ఐదేళ్ళ మనవరాలు కుట్టుమిషను పక్కనే కూర్చునేది. పిల్లకు మాట రాలేదు. నెల క్రితం, ఇలాంటి పిల్లలకు నేర్పే టీచరమ్మ పలకలాంటి యంత్రం ఒకటి ఇచ్చింది. ఇరవై గడులు, గడికో బొమ్మ. వేలు పెడితే ఆ బొమ్మ పేరు పైకి చెబుతుంది. మూడు వారాలకు పిల్ల ఒక్క గడి నేర్చింది. పై వరుసలో మూలది. నీళ్ళు.

ఆదివారం మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే సూదిమామ ఆ బొమ్మలు చూశాడు. నీళ్ళ పక్కన బంతి, బంతి పక్కన దువ్వెన. గుండీలూ హుక్కులూ ఒకే డబ్బాలో పోసినట్టుంది. చేయి ఊరుకోలేదు. బొమ్మను ఎలా జరపాలో కూతురికి టీచరమ్మ చూపిస్తుంటే చూసి ఉన్నాడు. తొడుక్కునేవి పైన, తినేవీ తాగేవీ కింద, ముచ్చటగా సర్దాడు.

సోమవారం పొద్దున పిల్ల వేలు పెట్టింది. "చెప్పులు" అంది యంత్రం.

ఆయన చెప్పులు తొడిగాడు. పిల్ల విసిరికొట్టి మళ్ళీ నొక్కింది. "చెప్పులు."

"కొత్తవి కరుస్తున్నాయేమోనయ్యా, పాతవి వెయ్యి" అంది భార్య.

పాతవి వేశాడు. ఏడుపు.

"నావి కావాలా తల్లీ?" అని తనవి తెచ్చి ముందు పెట్టాడు. ఏడుపు పెరిగింది.

"మీ ఇంటి మౌనం నాకు ముప్ఫై ఏళ్ళుగా అలవాటే. ఇప్పుడు మాటలు కూడా అర్థం కాకపోతే ఎలా?" అంది భార్య.

పిల్ల గొడవ కూతురు చెబితే, మంగళవారం టీచరమ్మ ఫోన్ చేసింది. "శుక్రవారం వచ్చి చూస్తాను పెద్దాయనా. ఇంకా ఇలాగే ఉంటే యంత్రం తీసుకెళ్ళక తప్పదు. ఇంకో పాప ఎదురుచూస్తోంది."

ఏమైందో ఆయనకు తెలియలేదు. సర్దిన సంగతి చెప్పాలనీ తోచలేదు. సర్దడం తప్పెలా అవుతుంది?

గురువారం భార్య అలమర దులిపింది. ఆయన కుట్టు మీంచి కళ్ళు తీయకుండా సుద్ద కోసం వెనక్కి చేయి చాపాడు. హుక్కులు వచ్చాయి. మళ్ళీ చాపాడు. మళ్ళీ హుక్కులే.

"నా సుద్ద ఎక్కడ పెట్టావే?"

"పక్క డబ్బాలోనే ఉంది. కళ్ళు పెట్టి చూసుకోవచ్చుగా!"

"నేను చూడను. చేతికే తెలుసు..."

చేయి గాలిలో ఉండిపోయింది. కింద పిల్ల అదే మూల గడి నొక్కుతోంది.

వందల కొలతలు గుర్తుంచుకునే మనిషికి పదహారు బొమ్మల పాత గడులు గుర్తొచ్చాయి, వాటిని అక్కడికే జరిపాడు. మిగిలిన నాలుగూ ఊహించి పెట్టాడు. పిల్ల మూల నొక్కింది. "నీళ్ళు." గ్లాసు తెచ్చాడు. ఒక్క గుక్కలో తాగేసింది. భార్య ఇంకో గ్లాసు ముంచుకొచ్చింది.

శుక్రవారం టీచరమ్మ వచ్చీ రాగానే ఆయన, "నేనే సర్దానమ్మా. మళ్ళీ మార్చాను. నాలుగు గడులు మాత్రం సరిగ్గా తెలీదు" అన్నాడు.

పిల్ల అందరినీ ఒకసారి చూసింది. కింది వరుసలో ఆ నాలుగింటిలో ఒకదాని మీద వేలు పెట్టింది.

"చెప్పులు."

చెప్పులే కావాలా? ఆ చోట మునుపు ఇంకేదైనా ఉండేదా? మొన్నటి గొడవ మళ్ళీ మొదలా? ఏమీ తేలక చెప్పులు తెచ్చి తొడిగాడు. పిల్ల విసరలేదు. లేచి గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి ఆయన్నే చూసింది.

"యంత్రం ఇక్కడే ఉండనివ్వండి" అంది టీచరమ్మ.

ఎక్కడికో తెలియకుండానే, మెడలో టేపుతో, ఉత్త కాళ్ళతో ఆయన పిల్ల వెనక బయలుదేరాడు.