కిడ్నీ మీసం టీచరమ్మ

టీచరమ్మ పోయారని నేను చెబితే మా వీధిలో ఒక్కరూ నమ్మలేదు. పాల బూత్ ఆయన నవ్వి పాకెట్ చేతిలో పెట్టాడు. ఇస్త్రీ బండి అతను "పో అన్నా, తెల్లారగానే మొదలుపెట్టినావా" అని చొక్కా తిరగేసి రుద్దుకున్నాడు. మద్రాసు కోడంబాక్కంలో ఇన్నేళ్లూ కష్టపడి నేను సంపాదించుకున్న పేరు అలాంటిది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చాకే అతను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. నిద్రలోనే గుండె ఆగిందట. ఏ పని చేసినా ఎందుకో విడమరిచి చెప్పి చేసే మనిషి, ఇదొక్కటీ చెప్పకుండా చేశారు.

టీచరమ్మది మా పై వాటా. కాలేజీలో జీవశాస్త్రం చెప్పేవారు, కిడ్నీ కణాల మీద చాలా ఏళ్లు పరిశోధన చేశారు. రిటైరయ్యాక కూడా ఏ బడివాళ్లు పిలిచినా వెళ్లి పాఠం చెప్పి వచ్చేవారు. నేను సినిమాలకు విగ్గులు, మీసాలు కడతాను. చదువు ఎనిమిదో తరగతిలో నాకు దండం పెట్టి తన దారిన తాను పోయింది.

ఆవిడ కొత్తగా వచ్చిన రోజుల్లో, మనిషి ఎలాంటిదో చూద్దామని ఒక వేషం కట్టాను. తెల్ల విగ్గు, గుబురు మీసం, చంకలో ఫైలు. జనాభా లెక్కల ఆఫీసర్నని తమిళంలో గదమాయించాను. ఆవిడ పేరు, వయసు, ఊరు అన్నీ ఓపికగా చెప్పారు. నేను లోపల నవ్వుకుంటూ రాసుకుంటున్నాను. చివర్లో తీరిగ్గా అన్నారు.

"మీసం మార్చినావు, గొంతు మార్చినావు. ఆ జిగురు వాసన మార్చేది మరిచిపోయినావబ్బా. రా, కాఫీ తాగి పో."

మీసాలు అంటించే జిగురు మా చేతులను పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. నేను మెట్లు ఎక్కుతుండగానే వచ్చిందట వాసన.

ఆ కాఫీ దగ్గరే నేను కిడ్నీ సంగతి మొదటిసారి విన్నాను. కిడ్నీలో సన్నటి గొట్టాలు ఉంటాయట. వాటి లోపలి గోడ కణాలతో కట్టినది. ఒక్కో కణం నుంచి వెంట్రుకలాంటిది ఒకటి గొట్టంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని సీలియం అంటారన్నారు. కిడ్నీకి మీసమా అని అడిగాను. ఆవిడ కాఫీ పొలమారేలా నవ్వి, ఇన్నేళ్లు పాఠం చెప్పినా ఆ మాట తనకు తట్టలేదన్నారు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా అది మీసమే.

"ఆ మీసం ఊరికే లేదబ్బా. అది కణానికి ముక్కు. పారే నీళ్లలో తనకు తెలిసిన రసాయనం తగిలిందంటే పసిగడతాది. మీసంలోనే కబురు పుట్టి కణం లోపలికి పోతాది. దాన్ని బట్టి కణం తన పని చూసుకుంటాది."

అక్కడ పారేదేమిటో తెలిసి కూడా ముక్కు పెట్టుకుని కూర్చుందంటే దాని ఓపికకు మొక్కాలన్నాను. ఇది నువ్వు అడుగుతావని తెలుసు అన్నట్టు చూశారు.

తెలియనిదాన్ని తెలియదని చెప్పడం ఆవిడ అలవాటు. పారే నీటికి ఆ వెంట్రుక వంగడం వల్లే కబురు పుడుతుందని ఒకప్పుడు గట్టిగా అనుకున్నారట. తర్వాత దాని మీద వాదాలు వచ్చాయట. మరి ఏది నిజమని అడిగితే, "నాకు తెలిసినంత చెప్తా ఉండా. మిగతాది నువ్వు కల్పించుకోవాకు" అన్నారు. నాకు అలా చెప్పిన మేష్టారు బడిలో ఒక్కరు దొరికి ఉంటే ఇంకో క్లాసు చదివేవాణ్ణేమో.

ఒకసారి పిల్లలకు చూపించడానికి కిడ్నీ గొట్టం బొమ్మ కట్టిమ్మన్నారు. సౌకార్‌పేటలో స్పంజి కొని నిలువునా కోసిన గొట్టంలా మలిచాను. కణాలకు గళ్లు గీశాను. విగ్గు వల మీద ముడివేసినట్టు కొక్కెం సూదితో ఒక్కో గడిలో దట్టంగా వెంట్రుకలు కుట్టి, నూనె రాసి దువ్వి మరీ పైకి తీసుకెళ్లాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది కిడ్నీనా, రిటైరైన మిలిటరీ మేజరా? కణానికి ఒకటే అబ్బా. ఒక్కటే."

మా పనిలో ఒక్క వెంట్రుక అంటే రాలిపోయింది, ఊడ్చేసేది. ఒక్కదానికి సూది పట్టుకుంటే నా పరువు ఏం కావాలని గొణుక్కుంటూ అన్నీ పీకి, మళ్లీ కూర్చున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు. ఊరికే ఉండలేక, ఈ మీసం చెడిపోతే ఏమవుతుందని అడిగాను. మీసంలో ఉండాల్సిన సరుకు పుట్టుకతోనే సరిగా లేకపోతే కబురు తప్పిపోతుందన్నారు. అప్పుడు కణాలు ఆగాల్సిన చోట ఆగవు. గొట్టం ఉబ్బి నీటి బుడగ అవుతుంది. ఒకటి కాదు, గుత్తులుగా. ఈ జబ్బు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది.

నా సూది ఆగిపోయింది. మా అమ్మను ఆసుపత్రిలో చూపించినప్పుడు డాక్టరు అన్నది ఆ మాటే, బుడగలు. కిడ్నీలు బుడగలతో నిండిపోయి, రక్తం కడిగించుకుంటూ కడిగించుకుంటూ పోయింది అమ్మ. నన్నూ పరీక్ష చేయించుకోమన్నారు. నేను అందరినీ నవ్విస్తూ ఏళ్లు దొర్లించాను. ఆ సంగతి ఆవిడకు చెప్పాను.

"నీకూ వచ్చేదానికి సగానికి సగం అవకాశం ఉండాది. చూపించుకున్నావా?"

నాకు కిడ్నీలు లేవమ్మా, ఏదో సినిమాకు అద్దెకిచ్చాను అన్నాను. ఆవిడ నవ్వలేదు. కత్తి కింద పెట్టారు.

"నీ వేషాలు అందరి ముందరా చెల్లతాయబ్బా. కిడ్నీ ముందర చెల్లవు."

బెండకాయలు సగంలో అలాగే వదిలేసి, చెప్పులు వేసుకుని ఆటో పిలిచారు. స్కాన్ గదిలో పొట్ట మీద చల్లటి జిగురు రాస్తే, ఇంతకాలం మీసాలకు రాసింది నాకే తిరిగొచ్చింది అనుకున్నాను. తెర మీద నల్లటి చుక్కలు కనిపించాయి. ఉన్నాయి. రెండు వైపులా ఉన్నాయి. బీపీ కూడా నాకు చెప్పకుండా ఎక్కి కూర్చుంది. ఇలాగే ఇంకొంత కాలం నడిచి ఉంటే అమ్మ దారేనన్నాడు డాక్టరు. బుడగలు పోవు, కిడ్నీల పనిని మాత్రం చాలాకాలం కాపాడుకోవచ్చు, మాత్రలు మానకు, ఉప్పు తగ్గించు అన్నాడు. బయట బెంచీ మీద టీచరమ్మ నా చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. మీసాలు చెడ్డాయమ్మా అన్నాను. "సరి, తెలిసింది కదా. ఇంక చూసుకుందాం" అన్నారు. ఆ "చూసుకుందాం" అనే మాట పట్టుకునే నేను ఇంటికొచ్చాను.

వాషర్‌మెన్‌పేట్‌లో ఉన్న మా అక్కనూ ఆవిడే స్కాన్‌కు లాక్కెళ్లారు. అక్కకు ఏమీ లేదు.

ఆ తర్వాత టీచరమ్మ ముక్కు నా వంటింటికి కాపలా కాసింది. నాకు ఎండు చేప అంటే ప్రాణం, అదేమో ఉప్పుగడ్డ. దొంగతనంగా వేయించుకుని వాసన పోవడానికి ఊదుబత్తి ముట్టించేవాణ్ణి. పైనుంచి గొంతు వచ్చేది. "ఈ పొద్దు ఏం పండగబ్బా? నీకు భక్తి పుట్టిందంటే నాకు భయంగా ఉండాది." నా కిడ్నీలు ఈరోజుకీ పని చేస్తున్నాయంటే అందులో మాత్రల వంతు ఎంతో, ఆ ముక్కు వంతూ అంతే.

చివరి చూపుకు ఆవిడ దగ్గర చదివిన వాళ్లు చాలామంది వచ్చారు. వాళ్లలో వాళ్లు తమిళంలో మాట్లాడుకుంటున్నారు. కిడ్నీకి మీసై, అదే మీసం, ఉందని చెప్పే టీచర్ ఇంకెక్కడ దొరుకుతారని ఒకమ్మాయి ఏడ్చింది. నా మాటను బడులన్నింటికీ మోశారని నాకు ఆ రోజే తెలిసింది.

దండ వేయడానికి వంగాను. ఎంత కడిగినా నా వేళ్లకు జిగురు వాసన. అంత దగ్గరికి వెళ్లినా, నువ్వేనా అబ్బా అనలేదు. ముక్కులో దూది పెట్టి ఉంది. ఉదయం నుంచి వీధంతా తిరిగి అందరికీ చెప్పిన నేను, అప్పుడు నమ్మాను.

ఆవిడ తమ్ముడి కూతురు గొట్టం బొమ్మను నాకే ఇచ్చింది. వంటింటి కిటికీకి వేలాడదీశాను. మొన్న చుట్టాలు వస్తే మా ఆవిడ ఎండు చేప వేయించింది. అందరితో పాటు కూర్చుని ఒక ముక్క వేసుకున్నాను. చెయ్యి అలవాటు ప్రకారం ఊదుబత్తి కట్ట వైపు వెళ్లింది. పైన ఎవరున్నారని? వెనక్కి తీసుకున్నాను. అంతలో కిటికీలోంచి గాలి కొట్టింది. గొట్టంలోని వెంట్రుకలు, గడికి ఒకటి చొప్పున, అన్నీ నా కంచం వైపు వంగాయి.

ముక్క తీసి మా ఆవిడ కంచంలో వేశాను. గాలి ఆగింది గానీ, ఆ వెంట్రుకలు ఇంకాసేపు ఊగుతూనే ఉన్నాయి.