ఆమెన్ అందని శుక్రవారం

ఎండాకాలం మొదలైనప్పటి నుంచి కేబుల్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. ఇంతవరకు ఒక్కరు కూడా నాకు సరైన సమాధానం ఇవ్వలేదు. మా ఇంటి ఇంటర్నెట్ మాటిమాటికీ ఆగిపోతోందని ఫోన్ చేస్తే “చూస్తాం సార్” అన్నారు. స్వయంగా వెళితే కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి తలైనా ఎత్తలేదు.

“మోడెం పాతదైపోయిందండీ, మార్చుకోండి. లైను బానే ఉంది.”

“లైను చూశారా మీరు?”

“చూడక్కర్లేదండీ.”

ఆ మాట నేను మర్చిపోలేదు. కనెక్షన్ ఇచ్చిన రోజు గోడకు బెజ్జం కొట్టి, ఇటుక పొడి మా ముందుగదిలో అలాగే వదిలేసి పోయారు. అదీ మర్చిపోలేదు. ఆగిరిపల్లి దాటాక వాళ్ళ తీగ మామిడితోటల పక్కనుంచే మా ఇంటికి వస్తుంది. కాయల లారీలు తగిలి తెగినప్పుడల్లా అతుకు వేసి పోతుంటారు. తప్పు తీగదని వాళ్ళు ఒప్పుకునేదాకా మోడెం మార్చేది లేదని భీష్మించుకుని కూర్చున్నాను. మారిస్తే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు కదా.

నా పంతం దెబ్బ తగిలింది మాత్రం మా వదినగారికి.

వదినగారంటే నా భార్యకు అక్క. ఉంగుటూరులో ఉంటారు. తుంటి ఎముక విరిగి మంచం పట్టారు. అంతకుముందు ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు బస్సెక్కి మా ఇంటికి వచ్చేవారు. చివరి ప్రార్థన ఆవిడే చెయ్యాలి. ఆవిడ చేస్తేగానీ మా వీధి ఆడవాళ్ళకు ఉపవాసం విడిచినట్టు ఉండదు. మంచం పట్టాక కూడా ఆ వంతు ఆవిడకే ఉంచారు. తోటల మధ్య మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి, వైఫై మీద వీడియో కాల్ కలిపి, ఫోన్‌ను బల్ల మీద బైబిలుకు ఆనించి పెట్టేవారు.

“మంచంలో ఉన్నదాన్ని, ఇంక దేనికి పనికొస్తాను మరిదిగారూ? ఈ ఒక్క ప్రార్థనకే,” అని ఒకసారి నాతో నవ్వుతూ అన్నారు. వారమంతా ఆవిడ దానికోసమే ఎదురుచూస్తారని నాకు తెలుసు.

మొన్న ఒక శుక్రవారం ఆవిడ ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ ముసుగులు సర్దుకుని కళ్ళు మూసుకున్నారు. నేను మూయలేదు. మూల కుర్చీలో కూర్చుని మోడెం వంకే చూస్తున్నాను. లైటు ఎర్రబడింది. ఫోన్‌లో వదినగారి ముఖం కదలకుండా నిలిచిపోయింది, గొంతు ఆగిపోయింది. ఆడవాళ్ళు కళ్ళు తెరవలేదు. ప్రార్థన మధ్యలో ఏడుపొచ్చి ఆగడం ఆవిడకు మామూలే. అలాగే ఆగారనుకుని, “స్తోత్రం, స్తోత్రం” అంటూ కూర్చున్నారు.

నేను ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. లేచి మోడెం స్విచ్ ఆపి మళ్ళీ వేసి ఉండవచ్చు. అదేమీ చెయ్యలేదు. జేబులోంచి నా ఫోన్ తీసి ఆ ఎర్ర లైటును ఫోటో తీశాను. రేపు దాన్ని కౌంటర్ మీద పెడితే ఆ అమ్మాయి తల ఎత్తి చూడక ఏం చేస్తుందని నా లెక్క.

ఎంతకీ గొంతు రాకపోయేసరికి ఒకావిడ కళ్ళు తెరిచి చూసింది. ఆ పూటకు ఆవిడే ఏదో ప్రార్థన చేసి ముగించింది. నా భార్య సిగ్నల్ కోసం గేటు దాకా వెళ్ళి అక్కకు ఫోన్ చేసింది. నేనూ వెనకే వెళ్ళాను. స్పీకర్‌లో వదినగారి గొంతు వినపడింది.

“నేనూ కళ్ళు మూసుకునే ఉన్నానే. ఒక్కొక్కళ్ళ పేరూ పెట్టి చేశాను. నీ మోకాళ్ళ గురించి చేశాను, మరిదిగారి కోపం గురించి చేశాను. ఆమెన్ అన్నాను. మీ ఎవ్వరి ఆమెనూ రాలేదు. కళ్ళు తెరిస్తే ఫోన్‌లో ఎవ్వరూ లేరు.”

“నెట్ పోయిందక్కా. దేవుడు విన్నాడులే.”

“దేవుడు వింటాడని నాకు తెలీదా ఏంటి? మీరు వినలేదనే నా బాధ.”

ఇంట్లోకి రాగానే నా భార్యకు ఫోటో చూపించాను. “ఇదిగో, సాక్ష్యం దొరికింది. ఇక ఆ ఆఫీసువాళ్ళు ఏమంటారో చూస్తాను.”

ఆమె ఫోన్ తీసుకుని ఫోటోను పెద్దది చేసింది. ఎర్ర లైటు కింద ముసుగులు వేసుకుని వంచిన తలలు, బల్ల మీద నోరు సగం తెరిచి ఆగిపోయిన అక్క ముఖం.

“అంటే మీరు చూశారన్నమాట,” అంది.

“తప్పు లైనుదే అని…”

“లైను సంగతి కాదండీ. చూశారు. చూసి ఊరుకున్నారు.”

ఫోన్ వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. వాదనను నేను సగంలో వదిలెయ్యడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు.

మర్నాడు అదే కౌంటర్‌కి వెళ్ళి కొత్త మోడెం అడిగాను. “చెప్పాగా అండీ,” అంది ఆ అమ్మాయి. ఆ మాటా గుర్తుంచుకున్నాను. ఫోటో మాత్రం చూపించలేదు. తర్వాత చిన్న రసాలు ఒక సంచిలో పోసుకుని, బండి మీద ఉంగుటూరు వెళ్ళాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఎర్ర లైటూ ఫోటోతో సహా జరిగిందంతా చెప్పాను.

“కాయలు అక్కడ పెట్టండి మరిదిగారూ,” అన్నారు. అంతే.

అప్పటి నుంచి శుక్రవారాలు మేం వీడియో కాల్ చేస్తే ఎత్తడం లేదు. ఒంట్లో బాగోలేదని కబురు పంపుతున్నారు. మా వీధి ఆడవాళ్ళు చివరి వంతు ఇంకెవరికీ ఇవ్వకుండా, ఆ కాసేపూ మౌనంగా కూర్చుని లేచిపోతున్నారు. కొత్త మోడెం పచ్చగా వెలుగుతూనే ఉంది. అసలు తప్పు తీగదో పాత మోడెందో నాకు ఇప్పటికీ తేలలేదు. తేల్చమని అడగడానికి కూడా నాకిప్పుడు ముఖం చెల్లడం లేదు.

వదినగారూ, జవాబు రాకుండా నేను ఎవరినీ వదిలిపెట్టే మనిషిని కానని మీకు తెలుసు. తిట్టాలంటే తిట్టండి. మీ ప్రార్థనలోంచి నా పేరు తీసేస్తే తీసేయండి. చేసింది నేను, మా వీధి ఆడవాళ్ళు కాదు. ఈ శుక్రవారం మళ్ళీ ఫోన్ చేస్తాం. వస్తారా, రారా? ఒంట్లో బాగోలేదన్న కబురు నాకు అక్కర్లేదు. ఫోన్ ఎత్తి, ఆ మాటేదో మీ నోటితోనే చెప్పండి.